గటక హోటలెక్కింది, మరి వండిన చెయ్యి?

(ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రెండు రోజులూ భూమి హక్కుల గురించి, కూలి రేట్ల గురించి, గృహహింస చట్టం గురించి మాట్లాడుకున్నాం. చివర్లో నన్ను తిండి గురించి మాట్లాడమన్నారు. 'అదేముంది, భోజనాలప్పుడు మాట్లాడుకునే సంగతే కదా' అని ఒకరిద్దరు నవ్వారు కూడా. నిజమే, తిండి గురించి మనం మీటింగుల్లో మాట్లాడేది తక్కువ. వంటింట్లోంచి బయటికి రావడానికే ఇన్నేళ్లు కొట్లాడాం, మళ్లీ ఆ పొయ్యి దగ్గరికే ఎందుకు అనిపిస్తుంది. కానీ మనం మాట్లాడటం మానేసిన వంట గురించి ఇప్పుడు వేరేవాళ్లు చాలా మాట్లాడుతున్నారు. హోటళ్లవాళ్లు, టీవీలవాళ్లు, పర్యాటక శాఖలవాళ్లు మన తిండికి కొత్త అర్థాలు చెబుతున్నారు. మనం నోరు విప్పకపోతే వాళ్లు చెప్పిందే చరిత్ర అవుతుంది.

హైదరాబాదులో పెద్ద హోటళ్లలో తెలంగాణ వంటకాల పేరుతో ప్రత్యేకంగా భోజనాలు పెడుతున్నారు. చిరుధాన్యాల మీద జరిగిన ఒక సదస్సుకు పోయినప్పుడు నేనూ అట్లాంటి భోజనం తిన్నాను. తెల్లటి పెద్ద ప్లేటు మధ్యలో పిడికెడు జొన్న గటక. చుట్టూ నాలుగు చుక్కల పచ్చిపులుసు, పైన ఒక చింతచిగురు రెబ్బ. పక్కన అరచేతిలో సగం ఉన్న సజ్జరొట్టె, వేలిమీద పట్టేంత ఎల్లిపాయ కారం. రుచి బాగుంది, అబద్ధం చెప్పను. వడ్డించిన అబ్బాయి ప్రతి వంటకానికీ ఒక కథ చెప్పాడు. ఇది పాలమూరు రైతు పొలానికి కట్టుకుపోయే సద్ది అట, ఇది నల్లగొండ పల్లెల్లో అమ్మమ్మల చేతివంట అట. ఆ కథలో రైతు ఉన్నాడు, అమ్మమ్మ ఉంది. కూలికి పోయి వచ్చి రొట్టె కొట్టే ఆడమనిషి మాత్రం లేదు. ఆ భోజనం ఖరీదు ఎంతని అడిగితే తెలిసింది. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి నిర్ణయించిన రోజుకూలి 300 రూపాయలు. ఆ లెక్కన ఒక ఆడకూలీ ఐదారు రోజులు మట్టి తట్ట మోస్తే తప్ప, చిన్నప్పుడు తను రోజూ తిన్న గటకను అక్కడ కూర్చొని తినలేదు.

హోటళ్ల మీద కోపంతో ఈ మాట చెప్పడం లేదు. మన తిండి పట్నంలో గౌరవంగా కంచంలోకి రావడం నాకూ సంతోషమే. నేను అడగదలచుకున్నవి మూడు ప్రశ్నలు. ఈ తిండిని ఇన్నాళ్లు కాపాడింది ఎవరు? ఇవాళ దాన్ని తినగలుగుతున్నది ఎవరు? దాని మీద వచ్చే పేరు, డబ్బు ఎవరికి పోతున్నాయి? ఈ మూడింటికీ ఒకే జవాబు వచ్చినప్పుడే అది సంప్రదాయానికి దక్కిన గౌరవం అవుతుంది. ఇవాళ మూడింటికీ మూడు వేరువేరు జవాబులు వస్తున్నాయి.

మొదటి ప్రశ్న తీసుకుందాం. మన రెండు జిల్లాలూ ఎక్కువ భాగం మెట్ట. ఎర్ర చెల్కలు, నమ్మకం లేని వానలు. ఈ నేల మీద బతికినవి జొన్న, సజ్జ, కొర్ర, తైదలు, కంది, ఉలవ, అనుములు, బొబ్బర్లు, నువ్వులు, ఆముదం. ఒకే చెల్కలో జొన్న సాళ్ల మధ్య కంది, గట్ల మీద అనుములు వేసేవాళ్లు. వాటి నడుమ ఎవరూ విత్తని గునుగు, తుమ్మి, గంగవాయిలి మొలిచేవి. కలుపు తీసే ఆడవాళ్లు ఒళ్లో ఇంత కూర తెంపుకొని ఇంటికి వచ్చేవాళ్లు. ఏ ఆకు ఏ నెలలో లేతగా ఉంటుంది, దేన్ని పప్పులో వేయాలి, దేన్ని ఉడికించి పిండాలి, బాలింతకు ఏది పెట్టాలి అన్నది వాళ్లకు తెలుసు. విత్తనాలను బూడిదలో, వేపాకులో కలిపి కుండల్లో దాచింది కూడా వాళ్లే. దీన్ని మనం 'ఇంటిపని' అన్నాం. ఇదే పని విశ్వవిద్యాలయంలో చేస్తే శాస్త్రం అంటారు.

ఇక వంట సంగతి. ఒకే వంటకానికి కొన్ని ఊళ్లలో సర్వపిండి అని, కొన్ని ఊళ్లలో గిన్నప్ప అని, మరికొన్ని చోట్ల తపాలచెక్క అని పేర్లు. బతుకమ్మకు మలీద ముద్దలు, సంక్రాంతికి సకినాలు, ఎండాకాలం అంబలి, వానాకాలం ఉలవ గుడాలు. వీటిని ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు. తల్లి నుంచి బిడ్డకు, అత్త నుంచి కోడలికి, పక్కింటామె నుంచి పక్కింటామెకు చేతినుంచి చేతికి నడిచి వచ్చాయి.

అయితే ఇక్కడ మనం ఒక జాగ్రత్త తీసుకోవాలి. పాతకాలం తిండి అనగానే అంతా బంగారం అన్నట్లు మాట్లాడటం ఇప్పుడొక ఫ్యాషన్ అయింది. ఆ తిండి వెనక ఆడవాళ్ల రెక్కలు ఎంత అరిగాయో ఆ మాటల్లో కనపడదు. జొన్నలు విసరాలంటే కోడి కూయకముందే లేవాలి. కొర్రలు, సామలు తినాలంటే పొట్టు పోయేదాకా రోకలితో దంచాలి, చెరగాలి, మళ్లీ దంచాలి. ఇంటిల్లిపాదికీ రొట్టెలు కొట్టి, అందరూ తిన్నాక చివరికి మిగిలినదాంతో సరిపెట్టుకోవాలి. ఆ తర్వాత మగవాళ్లతో సమానంగా చెల్కలోకి పోవాలి.

అందుకే 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం పెట్టినప్పుడు మన పల్లెల్లో ఆడవాళ్లు సంతోషపడ్డారు. నల్లగొండ జిల్లాలో ఒక ముసలామె నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "బియ్యం వొచ్చినంక నా రెక్కలు బతికినయ్ బిడ్డా. ఎసట్ల పోస్తే అన్నమైతది. ఇసురుడు లేదు, కొట్టుడు లేదు." అంతకుముందు తెల్లన్నం అంటే పండుగకో, చుట్టాలు వస్తేనో, దొరల ఇండ్లలోనో. అది పేదల ఇంట్లో రోజూ ఉడకడం చిన్న సంగతి కాదు. అందులో ఆత్మగౌరవం ఉంది. ఇవాళ పట్నంలో చక్కెర జబ్బు భయంతో జొన్నరొట్టెకు మారినవాళ్లు 'పల్లెటూరివాళ్లు బియ్యం తిని చెడిపోయారు' అంటే ఆ ముసలామె తరఫున మనం జవాబు చెప్పాలి.

ఇంకొక విషయం కూడా దాచకుండా చెప్పుకోవాలి. జొన్న ఒక్కటే తిని బతికినవాళ్లకు జబ్బులు వచ్చాయి. హైదరాబాదులో ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అని పిలుస్తున్న సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1960 ప్రాంతంలో ఈ దక్కను పీఠభూమి పేదల్లో కనిపించిన పెల్లాగ్రా గురించి పరిశోధన చేశారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతి చెదరడం దాని లక్షణాలు. అది ఎక్కువగా కనిపించింది జొన్న తప్ప ఇంకేమీ దొరకని వాళ్లలో. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ల సంగతి మీకు నేను చెప్పనక్కర లేదు. ఆ నీళ్లు తాగే ఊళ్లలో మోకాళ్లు లోపలికి వంగిపోయిన యువకుల గురించి 1970లలో ఈ సంస్థ శాస్త్రజ్ఞులే రాశారు. జొన్న ప్రధానాహారమైన వాళ్ల ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తుందని కూడా అప్పటి పరిశోధనలు చూపించాయి. దీని అర్థం జొన్న చెడ్డదని కాదు. పప్పు, ఆకుకూర, పాలు, గుడ్డు, మాంసం, మంచి నీళ్లు తోడుంటే జొన్న మంచి తిండే. తోడు ఏమీ లేకపోతే అది పేదరికమే. హోటల్లో గటక పక్కన ఆరు రకాలు పెడతారు. మన ఇళ్లలో గటక పక్కన ఉప్పు, పచ్చిమిరపకాయ ఉండేవి. రెండింటికీ ఒకే పేరు పెట్టి సంప్రదాయం అంటే ఎట్లా?

ఇక రెండో ప్రశ్న, ఇవాళ ఎవరు తినగలుగుతున్నారు? 1967లో నాగార్జునసాగర్ కాలువల్లోకి నీళ్లు వచ్చాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి పెరిగింది, రైసు మిల్లులు వచ్చాయి. అవే డ్యాముల కట్టుబడికి పాలమూరు నుంచి మట్టి పనికి పోయినవాళ్ల చెల్కలు మాత్రం చాలాకాలం ఎండే ఉన్నాయి. తర్వాత బోర్లు వచ్చాయి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల నీళ్లు వచ్చాయి. నీళ్లు రావడం మనం కొట్లాడి సాధించుకున్నదే, దాన్ని తప్పు పట్టను. కానీ నీళ్లున్న చోట వరి, లేని చోట పత్తి, ఈ రెండే మిగిలాయి. వడ్లకు కొనుగోలు కేంద్రం ఉంది, పత్తికి వ్యాపారి ఉన్నాడు. కొర్రలు పండించిన ఆడమనిషి ఎవరికి అమ్మాలి? పైగా కొర్రల పొట్టు తీసే మిషన్ ఊళ్లో లేదు. వడ్ల గిర్నీలో అవి ఆడవు. మళ్లీ రోకలి పట్టమంటే ఎవరు పడతారు? పట్టకూడదు కూడా.

జొన్న పోతే జొన్న ఒక్కటే పోలేదు. పశువులకు చొప్ప పోయింది. సాళ్ల మధ్య కంది, అనుములు పోయాయి. పత్తిలో గడ్డిమందు కొట్టడం మొదలయ్యాక ఒళ్లో తెంపుకొచ్చే కూరలూ పోయాయి. విత్తనం కుండలో లేదు, దుకాణంలో ఉంది. దుకాణానికి పోయి అప్పు రాసి తెచ్చేది మగవాడు. అంటే ఏమి పండించాలి, ఇంట్లో ఏమి తినాలి అన్నదాంట్లో ఆడదానికి ఉన్న కొద్దిపాటి మాట కూడా పోయింది. పంటల మార్పు గురించి వ్యవసాయ నిపుణులు రాసే లెక్కల్లో ఈ నష్టానికి గడి ఉండదు.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టంలో ఆహారధాన్యం అంటే బియ్యం, గోధుమలే కాదు, జొన్న, సజ్జ, రాగుల వంటివి కూడా. అప్పుడు నిర్ణయించిన ధరల్లో అన్నిటికంటే తక్కువ ధర వాటికే, కిలో ఒక రూపాయి. బియ్యం మూడు రూపాయలు, గోధుమలు రెండు. 2023 జనవరి నుంచి కేంద్రం ఇవి ఉచితంగా ఇస్తోంది. అదే చట్టం ఇంకో మాట కూడా చెప్పింది: రేషను కార్డులో ఇంటి పెద్దగా పద్దెనిమిదేళ్లు దాటిన ఆడమనిషి పేరు ఉండాలి. అంటే కాగితం మీద మనమే ఇంటి పెద్దలం. మరి ఏ ధాన్యం కావాలో ఆ పెద్దను ఎవరైనా అడిగారా? 2025 ఉగాదినాడు మన హుజూర్‌నగర్‌లోనే రాష్ట్ర ప్రభుత్వం రేషను కార్డుల మీద సన్నబియ్యం ఇచ్చే పథకం మొదలుపెట్టింది, మనిషికి నెలకు 6 కిలోలు. దొడ్డు బియ్యం తినలేక అమ్ముకున్నవాళ్లకు అది మంచిదే. దానితోపాటు ఒక కిలో జొన్నలో, ఒక కిలో తైదలో కావాలన్నవాళ్లకు ఇస్తే ఏం పోతుంది? మన నారాయణపేట, గద్వాల సరిహద్దు దాటితే కర్ణాటక. అక్కడ దక్షిణాది జిల్లాల్లో రాగులు, ఉత్తరాది జిల్లాల్లో జొన్నలు రైతుల దగ్గర కొని రేషనులో ఇస్తున్నారు. కాబట్టి ఇది కుదరని పని కాదు.

మనకు ఇంకా దగ్గరలో, జహీరాబాదు ప్రాంతంలో ఆడవాళ్లే దీన్ని చేసి చూపించారు. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేసిన సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. 1990లలో వాళ్లు పడావు పడిన భూముల్ని బాగుచేసుకొని జొన్నలు పండించారు. తీసుకున్న సాయాన్ని డబ్బు రూపంలో కాక ధాన్యం రూపంలో తిరిగి కట్టారు. ఆ ధాన్యాన్ని ఊళ్లోనే నిల్వ చేసి, ఎండాకాలంలో తక్కువ ధరకు పేద కుటుంబాలకు ఇచ్చారు. ఎవరు పేద అన్నది ఆఫీసరు కాక ఊరే కూర్చొని నిర్ణయించింది. అక్కడి సంఘాల ఆడవాళ్లు తమ చిరుధాన్యాల వంటలతో హోటల్ కూడా నడిపారు. 2019లో ఈ సంఘాల కృషికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. మనం గమనించవలసింది బహుమతిని కాదు. నేల, విత్తనం, నిల్వ, ధర, వంట అన్నీ ఆడవాళ్ల చేతిలో ఒక వరుసగా ఉన్నాయి. అందులో ఏ ఒక్కటి తెగినా మిగతావి నిలవవు.

మూడో ప్రశ్న పేరూ డబ్బూ ఎవరికని. దీనికి కొంచెం వెనక్కి పోవాలి. హైదరాబాదు విందుల గురించి చెప్పేవాళ్లు ఫలక్‌నుమా ప్యాలెస్‌లోని 101 మంది కూర్చొనే భోజనబల్ల గురించి తప్పక చెబుతారు. 2010 నుంచి ఆ ప్యాలెస్ హోటలుగా నడుస్తోంది, డబ్బు పెట్టగలవాళ్లు ఆ బల్ల దగ్గర తినొచ్చు. దాన్ని కట్టించిన పాయిగా నవాబుల ఆదాయం జాగీర్ల నుంచి వచ్చింది. ఊళ్లలో దొరల గడీల సంగతి మనకు ఇంకా బాగా తెలుసు. గడీలో విందు జరిగితే గొల్లవాళ్లు గొర్రెను, గౌండ్లవాళ్లు కల్లును, కుమ్మరులు కుండలను ఊరికే ఇవ్వాలి. ఆడవాళ్లు పోయి వడ్లు దంచాలి, పిండి విసరాలి. దాన్ని వెట్టి అన్నారు. ఆ వెట్టిని ఎదిరించే నల్లగొండ లేచింది. అప్పుడు నల్లగొండ జిల్లాలోనే ఉన్న పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశముఖ్‌ను ఎదిరించింది దేనికోసం? తను పండించిన ధాన్యం తన ఇంటికే చేరాలని. తిండి హక్కు గురించి మన నేల మీద ఇంతకంటే సూటి పాఠం ఇంకొకటి లేదు. ఆ పోరాటంలో అజ్ఞాతంలో ఉన్న దళాలకు అన్నం మోసింది కూడా ఊళ్ల ఆడవాళ్లే. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చేదాకా ఆ పోరాటంలోని ఆడవాళ్లు తమ మాటల్లో తమ కథ చెప్పుకునే చోటే లేకపోయింది.

తెలంగాణ ఉద్యమంలో కూడా తిండి ఉంది. 2011 జూన్‌లో హైదరాబాదు రోడ్ల మీద జరిగిన వంటా-వార్పూ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పొయ్యి నడిరోడ్డు మీదికి వచ్చింది, మన యాసతోపాటు మన వంటా తలెత్తుకుంది. అంతకుముందు పట్నంలో ఎక్కడ చూసినా ఆంధ్రా భోజనం, ఆంధ్రా మెస్ అన్న బోర్డులే. 2014లో రాష్ట్రం వచ్చాక తెలంగాణ రుచుల బోర్డులూ వచ్చాయి. 2019లో యునెస్కో హైదరాబాదును ఆహార కళల సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఇవన్నీ మన తిండికి దక్కిన గుర్తింపులే. కాని వీటితో ఊళ్లో రొట్టె కొట్టే ఆమె బతుకులో ఏమి మారింది అన్నదే నా ప్రశ్న.

'తెలంగాణ భోజనం' అని హోటలు పెట్టే పళ్లెంలో ఏది ఉంటుంది, ఏది ఉండదు అన్నది కూడా చూడండి. గడీల వంటలు, పెద్దకులాల పండుగ వంటలు ముందు వస్తాయి. బోటి, తలకాయ కూర ఈమధ్య వస్తున్నాయి. ఎండబెట్టి దాచుకున్న పెద్దకూర తునకలు ఏ హోటలు పెడుతుంది? వెలివాడలో ఆడవాళ్లు కరువులో పిల్లల్ని బతికించుకున్నది వాటితోనే. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా యూనివర్సిటీ విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకుంటే దాని మీద దాడి జరిగింది. ఎవరి వంట వారసత్వం అవుతుంది, ఎవరి వంట నేరం అవుతుంది అన్నది రుచి తేల్చదు, కులం తేలుస్తుంది. కాబట్టి మన ప్రాంతపు తిండి అని మనం అన్నప్పుడు అందులో అందరి కుండలూ ఉన్నాయా అని చూసుకోవాలి.

ఇక వండే చేతుల సంగతి. పెద్ద హోటలు వంటగదిలో తలకు తెల్ల టోపీ పెట్టుకున్నవాడిని షెఫ్ అంటారు. ఎక్కువగా మగవాడే ఉంటాడు. అదే వంట ఇంట్లో ఆడది చేస్తే దానికి పేరు లేదు, జీతం లేదు. ఇల్లు దాటి బడిలో చేస్తే? 2001లో సుప్రీంకోర్టు బడిపిల్లలకు వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. 2003 నుంచి మన దగ్గర మధ్యాహ్న భోజనం నడుస్తోంది. 2004 ఏప్రిల్‌లో కోర్టు, వంటవాళ్ల నియామకంలో దళిత, ఆదివాసీ స్త్రీపురుషులకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చెప్పింది. మన జిల్లాల్లో ఆ వంట చేస్తున్నది ఎక్కువగా పొదుపు సంఘాల ఆడవాళ్లు. వాళ్లకు ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2009 నుంచి ఏళ్ల తరబడి అది నెలకు వెయ్యి రూపాయలే. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం మూడు వేలకు పెంచుతున్నట్లు ప్రకటించింది. మూడు వేలే అనుకున్నా రోజుకు వంద రూపాయలు. వందమంది పిల్లలకు అన్నం, పప్పు, గుడ్లు వండి, గిన్నెలు తోమేదానికి వంద రూపాయలు. గుడ్లకు, నూనెకు బిల్లు వచ్చేదాకా చేతి డబ్బో, అప్పో పెడతారు. మహబూబ్‌నగర్ దగ్గర ఒక బడిలో వండే ఆమెను అడిగితే ఇట్లా అన్నది: "మా వంట మంచిగున్నదని సార్లు అంటరు మేడం. మంచిగున్నదంటే దుకాణపాయన అప్పు మాఫ్ చేస్తడా?" మన ప్రాంతపు వంటకు అవార్డులు ఇస్తున్న ఈ కాలంలో, ఈ ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువమందికి వండుతున్న చేతులు ఇవి.

మరి మనం ఏమి చేయాలి? నాకు తోచినవి నాలుగు పనులు చెబుతాను, మీరు చర్చించండి.

ఒకటి, మధ్యాహ్న భోజనం వండే స్త్రీలను కార్మికులుగా గుర్తించాలని, కనీస వేతనం ఇవ్వాలని, బిల్లులు నెలనెలా చెల్లించాలని అడగాలి. వాళ్ల పోరాటాన్ని వాళ్ల యూనియన్లకు వదిలేయకుండా స్త్రీల సంఘాలుగా మనమూ పక్కన నిలబడాలి. ఎందుకంటే ఇది వంటపనికి విలువ కట్టే పోరాటం.

రెండు, రేషనులో, అంగన్‌వాడీల్లో, హాస్టళ్లలో బియ్యం తగ్గించకుండా జొన్నలు, సజ్జలు, తైదలు అదనంగా ఇవ్వాలని అడగాలి. వాటిని స్థానికంగా, ఆడరైతుల దగ్గర మద్దతు ధరకు కొనాలి. బియ్యం తీసేసి చిరుధాన్యాలు ఇస్తామంటే మనం ఒప్పుకోకూడదు. పేదవాళ్ల అన్నం కంచం మీద ప్రయోగాలు చేయనివ్వకూడదు.

మూడు, మండలానికి ఒకటైనా కొర్రలు, సామలు పొట్టు తీసే మిషన్ మహిళా సంఘం చేతిలో ఉండాలి. రోకలి తిరిగి రాకుండా ధాన్యం తిరిగి రావాలంటే ఇదే దారి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోనే భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది. అక్కడి మిషన్లు, శిక్షణ కంపెనీలకే కాదు, మన సంఘాలకూ అందాలని అడగడం మన హక్కు.

నాలుగు, పేరు. హైదరాబాదు హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, తయారుచేసేవాళ్లు సంఘంగా ఏర్పడి తెచ్చుకున్నారు. మన పోచంపల్లి నేతకు ఆ గుర్తింపు ఉంది. తాండూరు కందిపప్పుకు 2022లో వచ్చింది. ఆడవాళ్ల చేతివంటకు అట్లాంటి రక్షణ అడగవచ్చా అని వకీళ్లతో కూర్చొని మాట్లాడదాం. అంతకంటే ముందు మనం చేయగల పని ఒకటుంది. ప్రతి సంఘం తన ఊళ్లో వండేవి, తెంపుకొచ్చే కూరలు, దాచిన విత్తనాలు, వాటి గురించి చెప్పిన ఆడవాళ్ల పేర్లతో సహా, వాళ్లను అడిగి, వాళ్ల ఒప్పుదలతో, వాళ్ల యాసలోనే ఒక నోటుబుక్కులో రాసిపెట్టాలి. రేపు ఎవరైనా పట్నం నుంచి వచ్చి మీ అమ్మమ్మ వంట నేర్పండి అంటే, నేర్పుదాం. కానీ నేర్పినదానికి రోజుకూలి అడుగుదాం, పళ్లెం పక్కన ఆమె పేరు రాయమందాం.

ఒక్క మాటతో ముగిస్తాను. ఈ పనుల్లో ఏదీ ఆడవాళ్లను మళ్లీ పొయ్యి దగ్గరికి పంపడానికి కాదు. ఇంట్లో రొట్టె కొట్టడం మన కొడుకులూ నేర్చుకోవాలి. తిండి సంప్రదాయాన్ని కాపాడే బాధ్యత ఆడవాళ్లది, దాన్ని అమ్ముకునే లాభం ఇంకొకరిది అన్న పంపకాన్ని మాత్రం మనం ఒప్పుకోవద్దు. మధ్యాహ్నం మనకు వడ్డించిన జొన్నరొట్టెలు ఈ ఊరి సంఘం సభ్యులు ముగ్గురు పొద్దున నాలుగింటికి లేచి చేశారు. ఖర్చుల పద్దులో వాళ్ల కూలి రాశారా అని నిర్వాహకులను అడిగాను. రాశామన్నారు. అక్కడ మొదలుపెడదాం.